మీరు ఇప్పటికే లోపల ఉన్నారు

ప్రతి ఇంటికీ కుళాయి ఇచ్చినట్టే, కరెంటు మీటరు ఇచ్చినట్టే, ప్రోగ్రాములు రాసే బావమరిదిని కూడా ఒకణ్ణి ప్రభుత్వమే సరఫరా చెయ్యాలని నా డిమాండ్!

నవ్వకండి. చాలా సీరియస్‌గా అంటున్నాను.

కంప్యూటర్లు ఆఫీసుల్లో ఉంటే చాలదా, బ్యాంకుల్లో ఉంటే చాలదా, వంటింట్లోకి కూడా రావాలా అని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. రావాలండీ! వంటింట్లోకే ఎందుకు, స్నానాలగదిలోకీ, బీరువాలోకీ, మాత్రల డబ్బాలోకీ కూడా రావాలి. మా ఇంట్లోకి వచ్చాయి. మేము బాగుపడ్డాం. మీరు మాత్రం ఎందుకు బాగుపడకూడదు?

విమానాలు నడిపే పెద్ద పెద్ద ప్రోగ్రాముల గురించి కాదు నేను చెప్పేది. అవి పెద్దవాళ్ళు చూసుకుంటారు. నేను చెప్పేది చిన్న ముక్కల గురించి. ఒకటి అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేరుస్తుంది. ఒకటి ప్రధాన సంఖ్యల్ని ఏరుతుంది. ఇంకొకటి పట్టికలో రెండుసార్లు పడ్డ పేరుని ఒకసారి చేస్తుంది. చూడ్డానికి చీమంత ఉంటాయి. చీమంతవే కదా అని ఇంట్లోకి రానిచ్చారా, ఇక మీ దశ తిరిగినట్టే!

మా ఇంట్లోకి వీటిని తెచ్చింది నా భార్య తమ్ముడు. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇలాంటి చిక్కుప్రశ్నలే అడుగుతారట. వాటికి తయారవ్వాలంటే ప్రశాంతమైన ఇల్లు కావాలి కదా. మా ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని వచ్చాడు. వచ్చేనాటికి ప్రశాంతంగానే ఉంది.

"పుస్తకం చదివితే ఎక్కట్లేదు బావా. దేనిమీదైనా చేసి చూడాలి," అన్నాడు రెండోరోజు టిఫిను దగ్గర.

"దేనిమీద చేస్తావు?" అన్నాను, అమాయకుణ్ణి.

కుర్రాడు తల తిప్పి మా ఇంటినంతా ఒక చుట్టు చూశాడు.

మొదట స్టాక్ వచ్చింది. స్టాక్ అంటే దొంతర. చివర పెట్టింది ముందు తియ్యాలి. మధ్యలోంచి లాగితే నేరం. నా చొక్కాల మీద ఈ పద్ధతి అమలు చేశాడు. ఇస్త్రీ అయి వచ్చిన చొక్కా పైన పెడతారు, పొద్దున పైదే తియ్యాలి, మళ్ళీ అదే ఉతికి అదే పైన పెడతారు. ఫలితంగా నేను రెండే చొక్కాలతో ఆఫీసుకి తిరిగాను. అడుగున ఉన్నవి కొన్ననాటి మడతల్లోనే హాయిగా నిద్రపోతున్నాయి. ఒకరోజు మా క్యాషియర్ నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా బాగానే ఉందా సార్?" అని అడిగాడు. మా ఆఫీసులో చేరాక అతను నా బాగోగులు అడగడం అదే మొదలు! మనుషుల మధ్య ఆప్యాయత పెంచేది ఏదైనా ఉందంటే అది స్టాకే.

తరువాత నా కళ్ళజోడు కనపడలేదు. పాతకాలం మనిషిని కదా, ఇల్లంతా వెతుకుతున్నాను.

"ఇల్లంతా ఎందుకు బావా? సగంలో చూస్తే చాలు. అందులో లేదా, మిగతా సగంలో సగం చూడు. ఆ సగంలో మళ్ళీ సగం. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు," అన్నాడు.

"బ్రహ్మాండం. వెతికిపెట్టు మరి."

"వెతుకుతాను. కాకపోతే ముందు వస్తువులన్నీ ఒక వరసలో ఉండాలి."

ఆ ఆదివారం మా ఇల్లు అకారాది క్రమంలోకి మారింది. అగ్గిపెట్టె, అట్టపెట్టెలు, అత్తలు, అద్దం. ఇదీ వరస. మా మేనత్తలిద్దరి కుర్చీలూ అట్టపెట్టెల గుట్టకీ అద్దానికీ మధ్య పడ్డాయి. బూట్ల స్టాండు పక్కన 'భర్త' కింద నా కుర్చీ, దాని పక్కనే 'భార్య' కుర్చీ, ఆ తరువాత భోజనాల బల్ల. పెళ్ళయ్యాక మేమిద్దరం అంత దగ్గరగా కూర్చోవడం అప్పుడే! ఇది ఎవరి చలవ?

కళ్ళజోడు దొరికిందా అంటారా? దొరక్కేం! కత్తెరకీ కుక్కర్‌కీ మధ్య, ఉండాల్సిన చోటే ఉంది. ఇల్లు సర్దుతున్నప్పుడు సోఫా కింద కనిపిస్తే వాడే అక్కడ పెట్టాడట.

పక్కపక్కన కూర్చున్నాక భార్యాభర్తలకి మాటామాటా రాకుండా ఉంటుందా? వచ్చింది. నేను సారీ చెబితేగానీ తను మాట్లాడదు. తను మాట్లాడితేగానీ నేను సారీ చెప్పను. ఇద్దరం భోజనాల బల్లకేసి చూస్తూ కూర్చున్నాం. బావమరిది ఎంతో సంతోషంతో నోట్లోని బ్రష్షు తీసి, "ఇది డెడ్‌లాక్ బావా! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు!" అన్నాడు.

"దానికి మందేమిటిరా?" అంది నా భార్య, అటే చూస్తూ.

"రెండిట్లో ఒకదాన్ని చంపెయ్యాలక్కా."

"దేన్ని?" అంది తను, కాస్త ఉత్సాహంగా. నేను వెంటనే సారీ చెప్పేశాను. కాపురాలు నిలబెట్టే శక్తి ప్రోగ్రాములకి లేదని ఇంకా ఎవరైనా అంటారా?

బాల్కనీలో పూలకుండీలకి నీళ్ళు పొయ్యడం కూడా ఒక లెక్క ప్రకారం సాగింది. నిన్న పోసినవీ మొన్న పోసినవీ కలిపితే ఎంతో ఇవాళ అంత. మొదట ఒక గ్లాసు. మర్నాడూ ఒకటే. ఆ తరువాత రెండు, మూడు, అయిదు, ఎనిమిది. "చూశావా, ఎంత అందమైన వరసో!" అని మురిసిపోయాడు. వరస అందంగానే ఉంది. రెండో వారం దాటేసరికి కింది అంతస్తులో ఉండే పళ్ళడాక్టరు తన బాల్కనీలోనే గొడుగు వేసుకుని నిలబడి, పైకి చూసి, "ఏమండీ, పైన అంతా క్షేమమేనా?" అని కేకేశాడు. ఎన్నో ఏళ్ళుగా ఒకే భవనంలో ఉంటున్నాం, ఆయనకీ నాకూ పరిచయం చేసింది గణితశాస్త్రమే!

ఈ లెక్కలన్నిటికీ మా ఇంట్లో ఒక వీరాభిమాని ఉంది. మా పెద్దత్త.

మా నాన్నకి ఇద్దరు చెల్లెళ్ళు, కవలలు. ఇద్దరూ పెళ్ళి జోలికి పోలేదు, నా దగ్గరే ఉంటారు. పెద్దత్త హైస్కూల్లో లెక్కలు చెప్పింది. చిన్నత్త టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేసింది. ఒకే మొహం, ఒకే ఎత్తు, జుట్టు నెరిసిన తీరు కూడా ఒకటే. పేర్లలో తేడా ఒక్క అక్షరం. మా తాతయ్య అంతకంటే ఆలోచించే ఓపిక లేనివాడు. పెద్దత్త కాసేపు ముందు పుట్టింది. ఆ కాసేపు మీద ఆవిడ జీవితమంతా పెద్దరికం చేసింది. "అసలు నేను, నకలు ఇది" అని పక్కనున్న చెల్లెల్ని చూపించి చుట్టాలందరికీ చెప్పేది. అందరం నవ్వేవాళ్ళం. చిన్నత్త కూడా నవ్వేది.

"ఇంటికొక డేటాబేస్ కావాలి బావా," అన్నాడు ఒకనాడు మా వాడు.

డేటాబేస్ అంటే బెంబేలు పడకండి. గడులున్న పట్టిక, అంతే. మనిషికొక వరస. పుట్టిన తేదీ, ఇంటిపేరు, ఇష్టాయిష్టాలు, టీ తాగారా, స్నానం చేశారా, మాత్ర వేసుకున్నారా. మూలపడ్డ పాత ఫోన్లన్నీ పోగుచేసి గోడలకి అతికించాడు. వీధి తలుపు దగ్గర ఒకటి, టీ ఫ్లాస్కు దగ్గర ఒకటి, స్నానాలగది బయట ఒకటి, మాత్రల డబ్బా మీద ఒకటి. మొహం చూపిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది, డబ్బా మూత లేస్తుంది. పాత తాళం ఊడబీకేశాడు. తాళంచెవులు పోగొట్టుకోవడంలో పేరుమోసిన నా భార్య, తమ్ముడి తల నిమిరి, "బంగారుకొండ" అంది.

ఆఖర్న ఒక చిన్న ముక్క రాశాడు. ఒకే మనిషి పొరపాటున రెండుసార్లు పడితే రెండో వరసని తుడిచేసే ముక్క. పుట్టిన తేదీ ఒకటి, ఇంటిపేరు ఒకటి, మొహం ఒకటి, పేరులో ఒక్క అక్షరం తేడా. టైపు చేసినవాడి వేలు జారిందని అనుకుంది పాపం. అనుకోదా మరి? చిన్నత్తని తుడిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వచ్చి చిన్నత్త తలుపు ముందు నిలబడింది.

"నమస్కారం. మీరు ఇప్పటికే లోపల ఉన్నారు," అంది తలుపు.

"నేనా? బయట ఉన్నానమ్మా," అంది చిన్నత్త. ఎక్స్చేంజిలో పనిచేసిన మనిషి, వైరుతోనైనా మర్యాదగానే మాట్లాడుతుంది.

"మీరు ఇప్పటికే లోపల ఉన్నారు."

"మళ్ళీ ఒకసారి చూడమ్మా. లైన్లోనే ఉంటాను."

చూసింది. అదే జవాబు. బెల్లు నొక్కితే, "లోపల ఉన్నవారు బెల్లు నొక్కనవసరం లేదు" అంది. తలుపు బాదింది. నా భార్యా, తమ్ముడూ ఊళ్ళోకి వెళ్ళారు, రాత్రిదాకా రారు. లోపల పెద్దత్త రేడియో వింటూ, తలుపు సంగతి తలుపు చూసుకుంటుందిలే అని కదల్లేదు. చప్పుడు విని పళ్ళడాక్టరు పైకి వచ్చాడు. సంగతి తెలుసుకుని, కళ్ళజోడు సవరించుకుని, తలుపుతో గట్టిగా, "ఈవిడ బయటే ఉన్నారు. నేను సాక్ష్యం!" అన్నాడు.

"మీరెవరో తెలియదు," అంది తలుపు.

చదువుకున్నవాడు, ఏళ్ళ తరబడి ప్రాక్టీసు ఉన్నవాడు, చిన్నబుచ్చుకుని మెట్లు దిగిపోయాడు.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చిన్నత్త మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. నా మొహం చూడగానే తలుపు తెరుచుకుంది. నా వెనక ఆవిడ లోపలికి వచ్చింది.

బావమరిది రాగానే స్క్రీను చూసి తల ఊపాడు. "ప్రోగ్రాం కరెక్టే బావా. ఏ తప్పూ లేదు."

పెద్దత్త కళ్ళజోడు పెట్టుకుని తనూ పరిశీలించింది. "తేదీ సమానం. ఇంటిపేరు సమానం. మొహం సమానం. రెండు సమానమైనవి ఉంటే ఒకటి అనవసరం. లెక్క సరిపోయింది," అని తీర్పిచ్చి, "నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నదే కదరా ఇది! అసలు నేను, నకలు అది!" అని పకపకా నవ్వింది. అందరం నవ్వాం.

ఈసారి చిన్నత్త నవ్వలేదు.

"అంటే నేను లేనా బాబూ?" అని అడిగింది.

"టెక్నికల్‌గా లేరత్తయ్యగారూ. వచ్చేవారం నా ఇంటర్వ్యూ అయిపోగానే సరిచేసేస్తాను."

"తొందరేం లేదులే," అంది చిన్నత్త.

పాఠకులారా, లేకుండాపోవడంలో ఉన్న సుఖం గురించి మీరెప్పుడైనా ఆలోచించారా? ఉన్నవాళ్ళకి ఎన్ని బాధలు! లేనివాళ్ళకి బిల్లులు రావు, బాధ్యతలు రావు, "గ్యాసు కట్టేశారా" అని ఎవరూ అడగరు. చిన్నత్త ఆ సుఖాన్ని రుచి చూడ్డం మొదలుపెట్టింది.

"చిన్నత్తయ్యా, కాస్త కూరగాయలు తరిగిపెడతారా?" అని అడిగింది నా భార్య.

"లేని మనిషి కత్తి ఎలా పట్టుకుంటుందే అమ్మాయ్?" అని నవల తిరగేసింది ఆవిడ.

దుప్పట్లు మడతపెట్టడం మానేసింది. మొక్కల్లో ఎండుటాకులు ఏరడం మానేసింది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి ఫోనుకి మొహం చూపించి టీ తాగేది. స్నానాలగది ఫోనుకి మొహం చూపించి, వరసలో నిలబడే పనిలేకుండా స్నానం చేసేది. మాత్రల డబ్బాకి మొహం చూపించి మాత్ర వేసుకునేది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ బీపీ ఉంది, మాత్ర కూడా ఒకటే.

ఇవన్నీ ఎవరి ఖాతాలో పడేవో వేరే చెప్పాలా?

పెద్దత్త లేచి ఫ్లాస్కు దగ్గరికి వెళితే, "మీరు టీ తాగారు" అనేది ఫోను.

"తాగానా?"

"తాగారు."

స్నానాలగది దగ్గరికి వెళితే, "మీరు స్నానం చేశారు" అనేది. పెద్దత్త పొడి జుట్టు తడుముకుని చూసుకుని వెనక్కి వచ్చేసేది. మాత్రల డబ్బా దగ్గరా అదే తంతు. మూత లేచేది కాదు.

పెద్దత్త సంగతి మీకు తెలియదు. హెడ్మాస్టర్ మాట వినలేదు, మా తాతయ్య మాట వినలేదు, ఆటోవాళ్ళ మాట అస్సలు వినదు. అలాంటి మనిషి ఫోను మాటకి మాత్రం ఎదురు చెప్పలేదు. లెక్క ప్రకారం నడిచేది అబద్ధం చెప్పదని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో ఎంత ప్రశాంతత! టీపొడి ఆదా, వేన్నీళ్ళు ఆదా, పొద్దున్నే పెద్దత్త చేసే హడావుడి ఆదా. ఆవిడ నోరు అంత నెమ్మదించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంతకంటే ఏం కావాలి?

ఒక సాయంత్రం బాల్కనీలో ఏదో గొణుగుడు వినిపించి వెళ్ళాను. పెద్దత్త గోడవైపు తిరిగి పందొమ్మిదో ఎక్కం చెప్పుకుంటోంది. తప్పు లేకుండా చివరిదాకా చెప్పింది. వెంటనే ఇరవైమూడోది మొదలుపెట్టింది. నన్ను చూసి ఆపేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఒరేయ్, ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పకు. దానికి అసలే చెప్పకు."

"ఏమైందత్తా?"

"నాకు మతి పోతోందిరా." ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. "పొద్దున టీ తాగానట. నాకు గుర్తులేదు. స్నానం చేశానట. ఎప్పుడు చేశానో ఏమిటో! మాత్ర వేసుకున్నానట, అయినా తల తిరుగుతోంది. ఎక్కాలన్నీ వస్తున్నాయి రా, ఇవాళ పొద్దున నేనేం చేశానో మాత్రం రావట్లేదు."

అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆవిడ మొహంలోకి చూడాలి కదా. చెయ్యి పట్టుకుని, ఎప్పట్నుంచి ఇలా ఉంది అని అడగాలి కదా. పాతకాలంలో అయితే అలాగే చేసేవాణ్ణి. ఇప్పుడు అంత శ్రమ దేనికి? నేరుగా హాల్లోకి వెళ్ళి గోడమీది ఫోను చూసి వచ్చాను.

"టీ, స్నానం, మాత్ర, అన్నీ అయ్యాయని చూపిస్తోందత్తా. వయసు కదా, మర్చిపోయి ఉంటావు. మెషీన్ ఎందుకు తప్పు చెబుతుంది?" అన్నాను.

"అదే నేనూ అనుకున్నాను," అంది పెద్దత్త. మళ్ళీ గోడవైపు తిరిగింది.

మర్నాడు పొద్దెక్కాక ఆవిడ స్నానాలగది ముందు గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. మొహమంతా చెమట. హాల్లో నవల చదువుకుంటున్న చిన్నత్త పుస్తకం విసిరేసి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! అక్కా, ఏమైందే?"

"ఏమే, నేను స్నానం చేశానా?" అని అడిగింది పెద్దత్త, మత్తుగా.

"నువ్వెక్కడ చేశావే! చేసింది నేను."

"మరి మాత్ర?"

చిన్నత్త మొహం పాలిపోయింది. "అది కూడా నేనే వేసుకున్నాను... నీకు రాలేదా? ఇన్నాళ్ళూ నీకు రాలేదా? రాకపోతే అరవవేమే! నువ్వు గొడవ చేస్తావనుకున్నాను. గోడ మీదున్న ఫోన్లన్నీ పీకి పారేస్తావనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఎవరి మాటా వినవు కదా, దాని మాట వింటావని నాకేం తెలుసు!"

నేను పళ్ళడాక్టర్ని తీసుకొచ్చాను. పళ్ళడాక్టరైనా డాక్టరే కదా, ఆయన దగ్గర బీపీ చూసే మెషీన్ ఉంది. అలవాటు చొప్పున ముందు నోరు తెరవమన్నాడు, తరువాత చెయ్యి చాపమన్నాడు. బీపీ బాగా ఎక్కి ఉందని, వెంటనే మాత్ర వెయ్యమని, సాయంత్రానికి తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాడు.

మాత్రల డబ్బాకి పెద్దత్త మొహం చూపించాం.

"మీరు నేటి మాత్ర వేసుకున్నారు," అంది డబ్బా.

నా భార్య ఒక్క ఉదుటున లేచింది. గబగబా వెళ్ళి సబ్బుకీ సూట్‌కేసుకీ మధ్య నుంచి సుత్తి తెచ్చింది. తమ్ముడు "అక్కా, అక్కా, డేటా పోతుంది!" అంటుండగానే ఒక్క దెబ్బకి మూత ఎగరగొట్టింది. ఇల్లు అకారాది క్రమంలో లేకపోతే ఆ సుత్తి అంత వేగంగా దొరికేదా? ప్రోగ్రాముల ఉపయోగాన్ని ఇక్కడ మరోసారి గమనించ ప్రార్థన!

సాయంత్రానికి బీపీ దిగింది. పెద్దత్త మంచం మీద పడుకుని ఉంది, పక్కన చిన్నత్త. బావమరిదీ నేనూ తలుపు దగ్గర నిలబడ్డాం, క్లాసు బయట నిలబెట్టిన పిల్లల్లాగ.

"అయితే నాకు మతి పోలేదన్నమాట," అంది పెద్దత్త. ప్రాణం దక్కినందుకంటే దానికే ఎక్కువ సంతోషపడింది.

"పోలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది, నీ పొగరుతో సహా," అంది చిన్నత్త. దుప్పటి అంచు సర్దుతూ, "నకలు నకలు అని నువ్వంటే ఎప్పుడూ నవ్వి ఊరుకున్నానక్కా. ఆ తలుపు అంటే ఎందుకో నవ్వు రాలేదు. నువ్వు కూడా ఒక్కసారి అనిపించుకుంటే తెలుస్తుందని, నీ బదులు నేను తాగాను, నేను మునిగాను. ఇంతవరకూ వస్తుందనుకోలేదు," అంది.

పెద్దత్త దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. తరువాత స్కూల్లో పిలిచినట్టు పిలిచింది.

"అబ్బాయ్, ఇలా రా. ఈ రెండూ సమానమని ఎలా తేల్చావు?"

"తేదీ, ఇంటిపేరు, మొహం ఒకటే కదత్తయ్యగారూ," అన్నాడు వాడు, బిక్కమొహం పెట్టి.

"అవి మూడు గడులు. మిగతా గడులు?"

"అవి ఖాళీగా ఉన్నాయి. ఇద్దరివీ."

"రెండూ తెలియనివే అయితే ఆ రెండూ సమానమని నీకే లెక్కల టీచరు చెప్పింది? ఎక్స్ తెలియదు, వై తెలియదు, కాబట్టి ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు వై అంటావా? సున్నా మార్కులు వేసి గోడకుర్చీ వేయించేదాన్ని!"

బావమరిది నావైపు చూశాడు. "ఆ గడులు నింపుదామని బావని అడిగానండీ. ఎవరికేం ఇష్టం, ఎవరికేం పడదు అని. 'అత్తలిద్దరికీ అంతా ఒకటేరా, వేరేగా అడగడమెందుకు, ఖాళీగా వదిలెయ్' అన్నాడు."

గదిలో అందరూ నావైపు చూశారు. నేను పైకప్పు చూశాను. పైకప్పు బాగుంది.

ఇంటర్వ్యూ సంగతి చెప్పడం మర్చిపోయాను. వెళ్ళాడు. పట్టికలో ఒకేలా ఉన్న రెండు వరసలు కనిపిస్తే ఏం చేస్తావని అడిగారట. "ముందు వాళ్ళిద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళి మాట్లాడతాను" అన్నాడట. ఉద్యోగం రాలేదు.

తిరిగొచ్చి, మాటిచ్చినట్టే చిన్నత్తకి కొత్త వరస తెరిచాడు. ఈసారి చిన్న మార్పు చేశాడు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ముందుకి కదలదు. పక్కవాళ్ళది చూసి రాస్తే ఒప్పుకోదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగి తీరాల్సిందే.

చిన్నత్త ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఇష్టమైన రంగు అత్తయ్యగారూ?"

"నీలం," అన్నాను నేను, వెనకనుంచి.

"నువ్వాగరా," అంది చిన్నత్త. చాలాసేపు ఆలోచించింది. ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడిగినట్టు లేదు. "పసుపు. బాగా ముదురు పసుపు. నీలమంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు."

ఆవిడ ఒంటిమీద నీలం స్వెట్టరు ఉంది. చలికాలం వస్తే చాలు, ఇద్దరికీ ఒకేలాంటివి కొని తెచ్చేది నేనే.

అందుకే అంటున్నాను, ప్రతి ఇంటికీ ఒక ప్రోగ్రాము ఉండాలి! ఖాళీగడిని ఒప్పుకోని ప్రోగ్రాము. ఎందుకంటే మనం ఒప్పుకుంటాం. పక్క గదిలో ఉన్న మనిషి వరసంతా ఖాళీగా ఉన్నా, ఏళ్ళ తరబడి, ఏ ఇబ్బందీ లేకుండా మన పని సాగిపోతుంది. ఇంట్లో ఇంతమందిమి ఉండి ఆవిణ్ణి అడగని మాట, గోడకి అతికించిన ఒక పాత ఫోను అడగాల్సి వచ్చింది.

వాడు ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. నిద్రపట్టాలంటే ఏం కావాలి, ఏ చప్పుడు పడదు, దేనికి భయం. చిన్నత్త కాళ్ళు పైకి పెట్టుకుని, తాపీగా, ఒక్కో జవాబూ రుచి చూసుకుంటూ చెప్పింది. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు.

"ఏదైనా నేర్చుకోవాలని ఉందా?"

"ఈత," అంది వెంటనే.

"ఈతేమిటే, నీకు నీళ్ళంటే భయం కదా!" అంది పెద్దత్త మంచం మీంచి.

"భయం నీకు. నువ్వు దిగవని నేనూ గట్టు మీద కూర్చునేదాన్ని," అంది చిన్నత్త అటు తిరక్కుండానే. "నువ్వు ఊరుకో అక్కా, ఇది నా రికార్డు. నువ్వు రాసుకో బాబూ. ఈత."